దర్శనం అయింది, కానీ ఏం చూశానో చెప్పలేకపోతున్నా. చూసినట్టా, చూడనట్టా?

రేణిగుంట జంక్షన్ | ఆదివారం రాత్రి 9:14

అమ్మను తీసుకుని కొండకు వెళ్ళొచ్చాను. సర్వదర్శనం. రాత్రంతా కంపార్టుమెంటులోనే కూర్చున్నాం, తెల్లవారుజామున వదిలారు. వెండివాకిలి దాటాక తోపులాట సంగతి మీకు చెప్పేదేముంది. జయవిజయుల దగ్గరికి రాగానే మెడ చాచి చూశాను. అంతలోనే "జరగండి, జరగండి" అంటూ భుజం మీద చెయ్యి పడింది. అయిపోయింది.

బయట విమాన వేంకటేశ్వరుడికి దండం పెట్టుకుంటూ ఉంటే అమ్మ అడిగింది, "ఈరోజు సంపెంగల దండ ఎంత లావుగా ఉందో చూసినావా?" అని. నాకు నల్లటి గర్భగుడి, దీపం, తెల్లటి నామం, ఇంతే గుర్తు. దండ సంగతి అలా ఉంచండి, పట్టువస్త్రం ఏ రంగో కూడా చెప్పలేను. కళ్ళు తెరిచే ఉన్నాయి, నిద్రమత్తు కూడా లేదు. అమ్మేమో శంఖుచక్రాల నుంచి పాదాల దాకా వరసగా చెప్పుకుపోతోంది.

నేను అడిగేది భక్తి గురించి కాదు. స్వామిని చూసి మర్చిపోయానా, లేక అసలు చూడనే లేదా? రెండూ ఒకటి కాదు కదా. ఏది జరిగిందో ఎలా తెలుస్తుంది? మనసు గురించీ మెదడు గురించీ చదువుకున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి.

మదనపల్లె టమాటా | 9:31

నువ్వు నయం అన్నా. మా మామ అంతసేపు క్యూలో నిలబడి, తీరా స్వామి ఎదురుగా రాగానే కళ్ళు గట్టిగా మూసుకుని దండం పెట్టుకున్నాడు. తెరిచేసరికి బంగారువాకిలి బయట ఉన్నాడు. మా అత్త ఇప్పటికీ తిడుతుంది.

వెనకబెంచీ సైకాలజీ | 10:05

రేణిగుంట సార్, మీరు మామూలుగా అడిగేశారు గానీ దీని మీదే పెద్దపెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు. రెండు ప్రయోగాలు చెప్తాను.

మొదటిది 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రీ చేసింది. ఒక చిన్న వీడియోలో తెల్లచొక్కాల వాళ్ళు కొందరు, నల్లచొక్కాల వాళ్ళు కొందరు బంతులు విసురుకుంటుంటారు. తెల్లచొక్కాల వాళ్ళు ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి వచ్చి, నడుమ నిలబడి, గుండెలు బాదుకుని వెళ్ళిపోతుంది. చూసినవాళ్ళలో దాదాపు సగం మందికి ఆ గొరిల్లా కనపడనేలేదు. వాళ్ళ కళ్ళు అటే ఉన్నాయి, ధ్యాసే లెక్క మీద ఉంది. దీని ప్రకారం మీరు స్వామిని చూడలేదు. మీ ధ్యాస అమ్మ చెయ్యి జారకుండా పట్టుకోవడం మీదో, వెనకనుంచి తోసేవాళ్ళ మీదో ఉండి ఉంటుంది.

రెండోది నాకు ఇష్టమైనది. 1960లో జార్జ్ స్పెర్లింగ్ తెర మీద పన్నెండు అక్షరాలు, నాలుగేసి చొప్పున మూడు వరసల్లో, సెకనులో ఇరవయ్యో వంతు మాత్రం చూపించాడు. ఏం చూశారో చెప్పమంటే జనం నాలుగైదు అక్షరాలకు మించి చెప్పలేకపోయారు. కానీ అందరూ ఒకటే మాట: "మొత్తం కనపడింది సార్, చెప్పేలోపు పోయింది." అప్పుడు ఆయన ఒక చిట్కా వేశాడు. అక్షరాలు మాయమైన మరుక్షణం ఒక శబ్దం వినిపిస్తాడు. సన్నటి శబ్దమైతే పై వరస, మధ్యస్థమైతే నడిమి వరస, బొంగురుదైతే కింది వరస చెప్పాలి. ఏ వరస అడిగినా నాలుగింటిలో మూడు చెప్పగలిగారు! ఏ వరస అడుగుతారో ముందు తెలియదు కాబట్టి, ఆ క్షణంలో మూడు వరసల్లోనూ చాలా భాగం వాళ్ళ దగ్గర ఉన్నట్టే కదా. ఆ శబ్దాన్ని ఒక్క సెకను ఆలస్యం చేస్తే మాత్రం లాభం పోతుంది.

ఇది చూపించి నెడ్ బ్లాక్ అనే తత్వవేత్త, అనుభవంలో ఉండేది చాలా ఎక్కువ, నోటికి అందేది చాలా తక్కువ అన్నాడు. అనుభవంలో ఉండే చైతన్యం వేరు, చెప్పడానికి అందే చైతన్యం వేరు అని 1995లోనే విడదీశాడు. మెదడు శాస్త్రవేత్త స్టానిస్లాస్ దెహాన్ లాంటివాళ్ళు ఒప్పుకోరు. ఒక సమాచారం మెదడంతా పాకి, మాటకూ జ్ఞాపకానికీ నిర్ణయానికీ అన్నిటికీ అందితేనే అది ఎరుక, అందనిది ఎరుకే కాదంటారు. నా మొగ్గు స్పెర్లింగ్ వైపు. మీరు చూశారు సార్.

పాకాల పెసిమిస్టు | 10:22

"చూశాడు కానీ చెప్పలేడు" అనే మాటను తప్పని నిరూపించే దారి ఉందా? లేనప్పుడు అది సైన్సెలా అవుతుంది? అతను చెప్పలేకపోతే అతను చూడలేదు, అంతే.

ఇంకో మాట. వాళ్ళమ్మగారు చెప్పినవన్నీ ఆమె చూసినవేనని ఏం నమ్మకం? ఇంట్లో పటంలో రోజూ చూసే శంఖుచక్రాలనే గుడిలో చూశాననుకుని చెప్పి ఉండొచ్చు. మైకేల్ గజానిగా అనే మెదడు శాస్త్రవేత్త పరీక్షించిన మనుషుల కథ తెలుసుకదా. మూర్ఛ తగ్గడం కోసం మెదడు రెండు భాగాలను కలిపే నరాల కట్టను కోసేసినవాళ్ళు. ఒకతనికి ఎడమ మెదడుకు కోడికాలు బొమ్మ, కుడి మెదడుకు మంచు కప్పేసిన ఇల్లు చూపించారు. సంబంధం ఉన్న బొమ్మలు ఎంచుకోమంటే, ఎడమ మెదడు నడిపే కుడిచెయ్యి కోడిని, కుడి మెదడు నడిపే ఎడమచెయ్యి పారను చూపించాయి. పార ఎందుకని అడిగితే, మాట్లాడే ఎడమ మెదడుకు మంచు సంగతే తెలియదు కదా, అయినా తడుముకోకుండా "కోళ్ళ షెడ్డు శుభ్రం చేయాలంటే పార కావాలిగా" అన్నాడు. మనమందరం ఇలాంటివాళ్ళమే. నోరు చెప్పేది సాక్ష్యం కాదు.

రేణిగుంట జంక్షన్ | 10:30

అమ్మ జోలికి రావద్దు బ్రదర్. సంపెంగల దండ మా ఇంటి పటంలో లేదు.

వెనకబెంచీ సైకాలజీ | 10:48

పెసిమిస్టు గారూ, ఒక చేత్తో "చెప్పలేకపోతే చూడలేదు" అంటారు, రెండో చేత్తో "చెప్పినా చూసినట్టు కాదు" అంటారు. మరి దేన్ని నమ్మాలి మేము?

అమ్మగారి విషయానికి వస్తే పటం వల్ల లాభమే జరిగి ఉంటుంది. 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆడేవాళ్ళకు నడుస్తున్న ఆట బల్లను అయిదు సెకన్లు చూపించారు. ఆరితేరిన ఆటగాడు చాలా పావుల్ని తిరిగి సరిగ్గా పెట్టేశాడు, కొత్తవాడు కొన్నే పెట్టగలిగాడు. పావుల్ని అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే ఆరితేరినవాడి గొప్పతనం పోయింది. మన కంటికి స్పష్టంగా కనపడే భాగం, చెయ్యి చాచి చూస్తే బొటనవేలి గోరంత. మిగతాదంతా మసక. సెకనుకు మూడు నాలుగు గెంతులు వేస్తూ కన్ను ఏరుకోవాలి. ఏది ఎక్కడుంటుందో ముందే తెలిసిన అమ్మగారి కన్ను నేరుగా కొత్తగా ఉన్నదాని మీదికి, అంటే దండ మీదికి పోయింది. రేణిగుంట సార్ కన్ను అన్నిటికంటే తెల్లగా మెరిసే నామం దగ్గరే ఆగిపోయింది.

ఘాట్‌రోడ్డు స్టీరింగ్ | 11:40

నేను బస్సు నడిపేవాణ్ణి, పుస్తకాలు చదివినోణ్ణి కాదు. దినామూ రెండో ఘాట్‌లో పైకి పోతాం, మొదటి ఘాట్‌లో కిందికి వస్తాం. ఎక్కేటప్పుడు ఇంటి సంగతి ఏదో తలకాయలో తిరుగుతుంటాది. చూస్తే కొండపైన టోల్‌గేటు! నడుమ మలుపులు ఎవరు తిప్పినారు? నేనే. గేరు మార్చింది నేనే, హారను కొట్టింది నేనే. ఒక్క మలుపూ గుర్తుండదు. కానీ ఒక జింక అడ్డమొచ్చిన దినం చూడండి, ఆ మలుపు, ఆ రాయి, ఆ జింక చెవులు, ముందుపోయే జీపు నంబరు, ఇప్పటికీ చెప్తా.

అంటే తక్కిన దినాలు నేను తెలివిలో లేనట్టా? లేకుంటే జనం బతికి ఉండరే. పెసిమిస్టు సారు చెప్పాల.

ఇంకోటి. ఫోను చెవికి పెట్టుకోకుండా బ్లూటూతులో మాట్లాడితే ఏం కాదు అంటారు కుర్రోళ్ళు. అబద్ధం. కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి, మనిషి ఫోన్లో ఉంటాడు.

వెనకబెంచీ సైకాలజీ | 11:52

అన్నా, మీ ఆఖరి మాటను అమెరికాలో డేవిడ్ స్ట్రేయర్ 2001 నుంచి పరీక్షించి చూపిస్తున్నాడు. ఫోను చేత్తో పట్టుకున్నా, పట్టుకోకపోయినా బ్రేకు వేయడంలో ఆలస్యం దాదాపు ఒకటే. చిక్కు చేతిలో లేదు, ధ్యాసలో ఉంది.

మలుపుల సంగతి కూడా తెలిసిందే. హెన్రీ మొలైసన్ అనే అతనికి 1953లో మూర్ఛ కోసం ఆపరేషన్ చేసి మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని రెండు వైపులా చాలావరకు తీసేశారు. ఆ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలిచేవి కావు. బ్రెండా మిల్నర్ అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించింది. రోజు రోజుకూ చెయ్యి తిరిగింది, కానీ ప్రతిరోజూ "నేనిది ఎప్పుడూ చేయలేదే" అనేవాడు. చేతికి వచ్చిన విద్య వేరు, మనసుకు గుర్తుండేది వేరు.

కాణిపాకం బావి | సోమవారం ఉదయం 5:20

అందరూ మెలకువ గురించే మాట్లాడుతున్నారు. మాండూక్యం పన్నెండు మంత్రాల ఉపనిషత్తు. అందులో జాగ్రత్ (మెలకువ), స్వప్న (కల), సుషుప్తి (గాఢనిద్ర), ఆ పైన నాలుగోది తురీయం. పట్టుకోవలసింది సుషుప్తిని. గాఢనిద్ర లేచి ఎవరైనా ఏమంటారు? "హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అంటారు. ఏమీ తెలియకపోతే హాయిగా ఉందని ఎవరికి తెలిసింది? ఏమీ తెలియలేదన్నది ఎవరు గమనించారు? వేదాంతులు ఇక్కడే సాక్షి ఉన్నాడంటారు. చూసినవాడు ఉన్నాడు, చెప్పే మనసు ఆ సమయంలో పడుకుంది. రేణిగుంట నాయనా, నీ ప్రశ్నకు జవాబు ఇదే.

మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు కూడా జీవితమంతా చెప్పింది ఎంపిక లేకుండా గమనించమనే.

పాకాల పెసిమిస్టు | 7:45

స్వామీ, నమస్కారం. లేచిన తర్వాత ఒళ్ళు తేలిగ్గా ఉంటే "హాయిగా నిద్రపోయాను" అని ఊహిస్తాం. గడియారం చూసి ఎంతసేపు పడుకున్నామో లెక్కేసినట్టే ఇదీ. దానికి సాక్షి అక్కర్లేదు.

వెనకబెంచీ సైకాలజీ | 8:10

ఈ అభ్యంతరం కొత్తది కాదు, నైయాయికులు, అంటే తర్కం చెప్పే న్యాయదర్శనం వాళ్ళు, ఎప్పుడో ఇదే అన్నారు: అది జ్ఞాపకం కాదు, అనుమానం (గుర్తును బట్టి ఊహించడం) అని. పెసిమిస్టుగారు తెలియకుండానే న్యాయదర్శనంలో చేరిపోయారు. నిద్ర ల్యాబుల్లో జనాన్ని మధ్యమధ్యలో లేపి అడిగితే "ఏదో నడుస్తోంది, ఏమిటో చెప్పలేను" అనే జవాబు కూడా తరచుగా వస్తుంది. ఆ జవాబును ఏ ఖాతాలో వెయ్యాలన్నది ఇప్పటికీ తగాదానే.

శక్తి తరంగం | 8:32

క్వాంటం శక్తి వల్ల ఆనందనిలయం దగ్గర మెదడు తరంగాలు మారిపోతాయి. నా వీడియో చూడండి, లింకు...

మోడరేటర్ | 8:40

లింకు తీసేశాను. మెదడు కణాల్లోని సూక్ష్మనాళికల్లో జరిగే క్వాంటం చర్యల వల్లే ఎరుక పుడుతుందనే పెన్‌రోజ్, హామెరాఫ్‌ల వాదన గురించి మాట్లాడాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి. కోర్సులు అమ్ముకోవడానికి ఇక్కడ చోటు లేదు.

నైట్ డ్యూటీ | 9:05

ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చి మొత్తం చదివాను. నేను స్టాఫ్ నర్సును, ముందు ఆపరేషన్ థియేటర్లో, ఇప్పుడు ఐసీయూలో. చూసి మర్చిపోయాడా, చూడనే లేదా అన్న ప్రశ్న మాకు రోజూ ఎదురయ్యేదే. పెసిమిస్టుగారు పరీక్ష అడిగారు కదా, ఒకటి ఉంది.

మత్తు ఇచ్చేటప్పుడు నిద్రమందుతో పాటు కండరాలు సడలే మందు కూడా ఇస్తారు. అది పడ్డాక మనిషి వేలు కూడా కదపలేడు. మత్తు సరిపోక లోపల మెలకువగా ఉన్నా బయటికి తెలియదు. 1977లో మైకేల్ టన్‌స్టాల్ అనే మత్తు డాక్టర్ ఏం చేశాడంటే, సడలే మందు ఇచ్చేముందు ఒక ముంజేతికి బీపీ పట్టీ గట్టిగా బిగించాడు. మందు ఆ చేతికి చేరదు. ఆపరేషన్ సమయంలో పేషెంటు పేరు పిలిచి, "నా మాట వినపడితే చెయ్యి నొక్కు" అంటారు. కొందరు నొక్కుతారు! రెండోసారి అడిగితే రెండోసారీ నొక్కుతారు. లేచాక అడిగితే వాళ్ళలో చాలామందికి ఏమీ గుర్తుండదు. చేతికి పట్టీ కట్టకపోతే వాళ్ళు ఎరుకలో ఉన్నారన్న సంగతి ఎవరికీ, ఆఖరికి వాళ్ళకు కూడా, తెలిసేది కాదు. మెలకువ గుర్తుండిపోవడం మాత్రం చాలా అరుదు. బ్రిటన్‌లో దేశమంతా లెక్క తీసి 2014లో చెప్పింది, సుమారు 19,000 మత్తులకు ఒకటి. ఆపరేషన్ ఉన్నవాళ్ళు టెన్షన్ పడకండి.

కాబట్టి సార్, గుర్తులేకపోవడం చూడకపోవడానికి రుజువు కాదు. ఈ ఒక్కటి మాత్రం నేను గట్టిగా చెప్పగలను.

పాకాల పెసిమిస్టు | 9:20

ఇది నాకు తెలియదు. మంచి పాయింటు. కానీ వాళ్ళు కూడా చెయ్యి నొక్కి "చెప్పారు" కదా. చెప్పడానికి ఏ దారీ లేని ఎరుక ఉందా అన్నది అలాగే ఉంది.

చంద్రగిరి కోట | 11:15

నైట్ డ్యూటీ అక్కా, ఇక్కడ అడగొచ్చో లేదో. మా చిన్నాన్నకు బైక్ యాక్సిడెంటులో తలకు దెబ్బ తగిలింది. మూడో వారం నడుస్తోంది. కళ్ళు తెరుస్తున్నాడు, పైకి చూస్తూ ఉంటాడు. పిలిస్తే పలకడు. కేస్‌షీట్‌లో ఏదో పది అని రాశారు, నిన్న తొమ్మిది అన్నారు. మా చిన్నమ్మ "నన్ను చూస్తున్నాడు" అంటుంది, డ్యూటీ డాక్టర్ "చూపు నిలవట్లేదమ్మా" అంటాడు. ఎవరి మాట నిజం? తెలివి ఉన్నట్టా లేనట్టా?

నైట్ డ్యూటీ | మధ్యాహ్నం 3:30

అడగొచ్చు తమ్ముడూ. నిద్ర లేచి రాస్తున్నాను, ఆలస్యమైంది.

ఆ అంకె గ్లాస్గో స్కేలు. 1974లో ఇద్దరు డాక్టర్లు, టీస్‌డేల్, జెన్నెట్ తయారుచేశారు. కళ్ళు తెరవడానికి నాలుగు మార్కుల దాకా, మాటకు అయిదు దాకా, కాళ్ళూచేతుల కదలికకు ఆరు దాకా. మొత్తం పదిహేను, అన్నిటికంటే తక్కువ మూడు. మేము ముందు పేరు పెట్టి పిలుస్తాం, పలక్కపోతే గోటి మీద పెన్నుతో నొక్కుతాం. చెయ్యి వెనక్కి లాక్కుంటాడా, నొక్కే చేతిని వచ్చి తోసేస్తాడా అని చూస్తాం. గొంతులో గొట్టం ఉంటే మాట మార్కు అడగడానికే ఉండదు. అది ప్రాణాపాయం కనిపెట్టడానికి మంచి స్కేలు. లోపల మనిషి ఉన్నాడా అని చెప్పడానికి చాలదు. పది, తొమ్మిది తేడా చూసి కంగారుపడొద్దు.

లోపల ఎరుక ఉండి బయటికి కనపడని వాళ్ళు నిజంగానే ఉన్నారు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, యాక్సిడెంటై అయిదు నెలలుగా పలకని ఇరవైమూడేళ్ళ అమ్మాయిని స్కానర్‌లో పెట్టి, "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో", "మీ ఇంట్లో గది గదికీ నడుస్తున్నట్టు ఊహించుకో" అంది. టెన్నిస్ అన్నప్పుడు ఒకచోట, ఇల్లు అన్నప్పుడు వేరేచోట మెదడు వెలిగింది, అచ్చం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలాగే. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఏ ఆజ్ఞకూ కదలని 241 మందిలో 60 మంది మెదడు ఆజ్ఞను పాటించినట్టు తేలింది. పెసిమిస్టుగారూ, వీళ్ళకు చెయ్యి నొక్కే దారి కూడా లేదు.

తమ్ముడూ, ఇది విని చిన్నాన్నకు అంతా తెలుస్తోందని ఖాయం చేసుకోవద్దు. ఆ 241లో మిగతా 181 మంది కూడా ఉన్నారు. మన దగ్గర ఆ పరీక్షలు అన్నిచోట్లా చేయరు. కానీ మంచం దగ్గర చేసే ఒక వివరమైన పరీక్ష ఉంది, కోమా రికవరీ స్కేల్ అంటారు. బెల్జియంలో 2009లో పోల్చి చూస్తే, డాక్టర్లు మామూలుగా చూసి ఎరుక లేదని తేల్చిన 44 మందిలో 18 మందికి ఈ పరీక్షతో కొద్దో గొప్పో ఎరుక ఉన్నట్టు బయటపడింది. ఒక్కసారి చేసి వదిలేయకూడదు, ఎరుక వస్తూ పోతూ ఉంటుంది. పొద్దున లేనిది సాయంత్రం ఉండొచ్చు. న్యూరో డాక్టర్‌ను ఈ పరీక్ష పేరు చెప్పి అడుగు. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

చిన్నమ్మ మాట కొట్టిపారేయవద్దు. ఎప్పుడు చూశాడు, ఎటు చూశాడు, ఎంతసేపు, ఆ సమయానికి నిద్రమందు నడుస్తోందా, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయమను. రాసి చూపిస్తే డాక్టర్లు పట్టించుకుంటారు.

కాణిపాకం బావి | 4:10

నాయనా, మీ చిన్నాన్న పేరు మీద రేపు అర్చన చేయిస్తాను. ఆ అమ్మ చెప్పినట్టు చెయ్యి.

ఘాట్‌రోడ్డు స్టీరింగ్ | 4:45

రక్తం ఏమన్నా కావాలంటే చెప్పు తమ్ముడూ, మా డిపోలో అన్ని గ్రూపులవాళ్ళూ ఉండారు.

వెనకబెంచీ సైకాలజీ | 6:20

మొత్తం చర్చ ఇక్కడికి వస్తుందనుకోలేదు. పెసిమిస్టుగారి చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా లేదు. 1998లో క్రిస్టోఫ్ కాఖ్ అనే మెదడు శాస్త్రవేత్త, పాతికేళ్ళలో మెదడులో ఎరుక జాడ కనిపెట్టేస్తామని తత్వవేత్త డేవిడ్ ఛామర్స్‌తో పందెం కాశాడు. 2023లో న్యూయార్క్‌లో అందరి ముందూ ఓడిపోయానని ఒప్పుకుని వైన్ ఇచ్చాడు. మళ్ళీ ఇంకో పాతికేళ్ళకు పందెం వేసుకున్నారు.

పాకాల పెసిమిస్టు | 6:31

ఆ పందెంలో నేను ఛామర్స్ వైపు. చంద్రగిరి తమ్ముడికి సంబంధించి వాదన ఆపేస్తున్నా.

చంద్రగిరి కోట | రాత్రి 8:50

అందరికీ థాంక్స్. అక్కా, సాయంత్రం న్యూరో డాక్టర్‌ను అడిగాను, రేపు పొద్దున రౌండ్స్‌లో ఆ పరీక్ష చేస్తానన్నారు. నిద్రమందు రాత్రికి తగ్గిస్తామన్నారు. చూపు నిలుస్తుందో లేదో చూడటానికి అద్దం ఉంటే తెమ్మన్నారు. అద్దం ఎందుకు?

నైట్ డ్యూటీ | 9:02

మంచి డాక్టర్ దొరికారు. వేలు, లైటు చూపిస్తే కదలని కళ్ళు కూడా ఒక్కోసారి తన ముఖం కనపడితే దాని వెంట కదులుతాయి. అందుకే ఆ పరీక్షలో అద్దం వాడతారు. ముఖానికి ఎదురుగా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ, పైకీ కిందికీ జరుపుతారు.

చంద్రగిరి కోట | 9:06

ఇంట్లో పౌడర్ డబ్బా అద్దం ఉంది. సరిపోతుందా?

నైట్ డ్యూటీ | 9:08

చాలదు. ముఖమంతా కనపడాలి. గోడకు తగిలించే అద్దం ఉంటే అదే పట్టుకెళ్ళు, అంచులకు టేపు వేసి. కళ్ళజోడు పెట్టుకునే అలవాటు ఉంటే అది కూడా తీసుకెళ్ళు.